గ్రహణం కన్నా ముందే

మార్చి 27
చెల్లి సరితకి ఐదో నెల టిఫా స్కాన్, గుంటూరులో. కడుపులో బిడ్డకి ఎడమ చెయ్యి మోచేతి నుంచి కిందికి లేదు. మిగతా అంతా బాగుందట — గుండె, వెన్ను, కాళ్లు. సరిత తెర వైపే చూస్తోంది. "అక్కా, చెయ్యి వెనకాల పెట్టుకుందేమో, మళ్లీ చూడమను." డాక్టరమ్మ మళ్లీ చూసింది. లేదు.

మార్చి 28
కాలేజీలో నా జువాలజీ క్లాసులో, చెయ్యి మొలిచే ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో... పిండం పక్కన చిన్న మొగ్గ. దాని కొసన ఉన్న కణాలు "ఇంకా పెరుగు" అని లోపలి కణాలకి కబురు పంపుతుంటాయి. ఆ కబురు జీన్లది. తొందరగా ఆగితే చెయ్యి భుజం దగ్గరే ఆగిపోతుంది. కాస్త ఆలస్యంగా ఆగితే మోచేతి దగ్గర. కోడి పిండం బొమ్మ వేసి, ఆ కొసని వేలితో చెరిపి చూపించేదాన్ని. ఇవాళ వేయలేకపోయాను.

మార్చి 30
చెల్లి అత్తగారింటికి వెళ్లాను. పెద్దావిడది ఒకటే మాట. "గ్రహణం పూట కదలకుండా పడుకోమన్నానమ్మాయ్. ఇంటేగా! కళ్లంలో కూలోళ్లతో కూర్చుని మిరక్కాయ తొడిమలు తుంచింది. బిడ్డ చెయ్యి తుంచినట్టే పోయింది." సరిత తలొంచుకుని తన వేళ్లే చూసుకుంటోంది.

నాకు ఒళ్లు మండింది. "చెయ్యి తయారయ్యేది రెండో నెల్లో అత్తయ్యగారూ. గ్రహణం నాటికి నాలుగో నెల. అప్పటికే అయిపోయింది. సరిత తప్పేం లేదు." ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. చెల్లి మొగుడు రమేష్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. గెలిచాననుకుంటూ బస్సెక్కాను.

ఏప్రిల్ 1
సరిత ఇవాళ కడుపునిండా తిందట. హమ్మయ్య.

ఏప్రిల్ 3
రమేష్ ఫోను. "వదినా, రెండో నెల్లో అన్నారుగా. మిరపకి మందు కొట్టింది అప్పుడే. పురుగు ఆగట్లేదని రెండు మందులు కలిపి కొట్టా. సరిత క్యారేజీ తెచ్చి గట్టు మీదే కూర్చుంది. వాంతులు చేసుకుంది కూడా... వేవిళ్లనుకున్నాం. దానివల్లేనా?"

కాదని అనాలి. అలా అనడానికీ ఆధారం లేదు, అవునందామన్నా లేదు. ఆ కబురు ఎందుకు ఆగిందో ఏ స్కానూ చెప్పదు. చాలామందిలో కారణమే దొరకదు. అంతా వివరంగా చెప్పాను.
"అంటే కాదని మాత్రం చెప్పలేరు."
చెప్పలేను.

ఏప్రిల్ 5
రమేష్ చేలోకి వెళ్లడం లేదు. ఆఖరి కోత కాయ చెట్టునే ఎండిపోతోంది. కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాడట. సరిత పక్కకి రాడు — తన ఒంటికి ఇంకా మందు అంటుకుని ఉందంటాడట. ఇంత చదువూ చదివి నేను చేసిందేమిటి? బరువు ఒకరి మీది నుంచి తీసి ఇంకొకరి మీద పెట్టాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఏప్రిల్ 6
సరిత ఫోను. ఏడవలేదు. అదే భయం.
"అక్కా, గ్రహణం వల్లేనని ఆయనకి చెప్పవా? తొడిమలు నేనే తుంచానుగా. నువ్వు చెబితే నమ్ముతాడు. నేనైతే తట్టుకుంటా. ఆయన తట్టుకోలేడు."

ఆలోచిస్తానన్నాను. రమేష్ నంబరు ముందేసుకుని కూర్చున్నాను. అబద్ధం చెప్పాలంటే తప్పు నా చెల్లి మీదే వేయాలి. నిజం చెబుదామంటే... అది నా దగ్గర లేదు.