బొంబాయి నుంచి కువైట్‌కు గంటా ముప్పావు

గుంతకల్లు,
12 ఆగస్టు 1999

నా సునందకు,

ఏడాదిగా నీకు రెండేసి ముక్కలు రాసి సరిపెడుతున్నాను. ఎందుకని నువ్వు మూడుసార్లు అడిగావు. ఒంట్లో బాగాలేదని అబద్ధం రాశాను. ఇప్పుడు నిజం రాస్తున్నాను, చదివి తిట్టుకో.

నువ్వు నర్సు ఉద్యోగానికి వెళ్లిన విమానం టికెట్టు జిరాక్సు నా దగ్గరుంది కదా. బొంబాయిలో ఉదయం ఏడింటికి బయలుదేరి ఎనిమిదీ నలభై అయిదుకు కువైట్ చేరాలి. నువ్వేమో పక్కింటి లక్ష్మీదేవమ్మకు ఫోన్ చేసి, నన్ను పిలిపించి, "ఇప్పుడే దిగినా" అన్నావు. అప్పుడు పన్నెండు. మరి ఆ మూడు గంటలు ఎక్కడున్నావు? మీ వెంట ఉద్యోగం ఇప్పించిన ఏజెంటు కూడా వస్తున్నాడని నువ్వే చెప్పావు. పద్దెనిమిదేళ్లుగా గూడ్సు గార్డును. పది నిమిషాల ఆలస్యానికైనా కారణం రాయందే బండి దిగను. ఆ మూడు గంటలకు కారణం దొరక్క బుర్ర పాడైపోయింది. నిన్ను అడగడానికి నోరు రాలేదు, మామూలుగా రాయడానికి చెయ్యి రాలేదు.

మొన్న నీ తిరుగు ప్రయాణం టైములు వచ్చాయి. కువైట్‌లో పదింటికి ఎక్కితే బొంబాయిలో సాయంత్రం నాలుగున్నరకు దిగుతావట. పోవడానికి గంటా ముప్పావు, రావడానికి ఆరున్నర గంటలా? దారి అదే రెండువేల ఏడువందల కిలోమీటర్లు కదా. తన తమ్ముడు అక్కడే పనిచేస్తున్నాడు కదా అని మా డ్రైవరు యేసన్నను అడిగాను.

"ఏమప్పా, ఆడ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనకుంటాది. పోయినా వచ్చినా నాలుగు గంటలకు అటూ ఇటే," అన్నాడు.

ఏడుకు నాలుగుంపావు కలిపితే పదకొండుంపావు. సామాను తీసుకుని ఫోన్ దగ్గరికి చేరేసరికి పన్నెండు. సునందా, నువ్వు నిజంగా అప్పుడే దిగావు. గార్డు పెట్టెలో కూర్చుని సిగ్గు లేకుండా ఏడ్చాను. ఏడాది తర్వాత నిన్న కడుపునిండా తిని పడుకున్నాను. క్షమించమని అడిగే మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

నీ మార్కండేయ


కువైట్,
26 ఆగస్టు 1999

శ్రీవారికి,

ఉత్తరం చదివి మొదట మండిపడ్డాను. ఆ ఏజెంటుకు అరవై ఏళ్లు. విమానంలో దారి పొడవునా వాంతులు చేసుకుంటే కవరు పట్టుకున్నది నేను. తర్వాత నవ్వు ఆగలేదు. మిమ్మల్ని చూసి నవ్వే హక్కు నాకూ లేదులెండి.

రెండేసి ముక్కల ఉత్తరాలు చూసి మీకు ఎవరో దొరికిందనుకున్నాను. తిరుగు టైములైతే పంపాను గానీ, ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటానని రాసిచ్చే కాగితం కూడా ఆసుపత్రిలో తీసుకున్నాను. సంతకమే మిగిలింది. ఆఖరికి మీమీద ఓ కన్నేసి ఉంచమని లక్ష్మీదేవమ్మకు రాశాను. పదిరోజుల కిందట ఆమె జవాబు వచ్చింది.

"ఆడమనిషి ఎవురూ రాలేదమ్మా. డ్యూటీ దిగి వస్తాడు, నీ టికెట్టు ముందర పెట్టుకుని ఏందో లెక్కలేసుకుంటా కూచుంటాడు. అన్నం గూడా సరిగా తినడు" అని రాసింది.

ఏం లెక్కలో నాకేం తెలుసు? నేను వచ్చే రోజు కోసం రోజులు లెక్కపెట్టుకుంటున్నారనుకుని, టికెట్టు ఎదురుగా కూర్చున్న మిమ్మల్ని తలచుకుని చాలాసేపు ఏడ్చాను. ఏడ్చి, ఆ కాగితం చింపేశాను.

మీ ఉత్తరం రాకముందే చింపాను. అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

మీ సునంద