నలుగురు మనుషులు, ఐదు చీటీలు

మాస్టారికి నమస్కారం.

వారం నుంచి ముసురు. అద్దిన బట్ట ఆరే దారిలేక ఇంట్లోనే దండేలు కట్టాను. అమ్మ మంచం చుట్టూ కూడా తడి దుప్పట్లే. మీ తరగతి ఎన్నికకి చెరగని రంగు కావాలన్నారని అమ్మాయి చెప్పింది. సీసాడు నీలం పంపుతున్నాను.

మీ అద్దకం పనివాడు

తా.క. చెరుగుతుందని భయం వద్దు. నా పెళ్ళి ఫోటోలో చేతిమీదున్న మరక ఇప్పటికీ ఉంది.

*

అద్దకం ఆయనకి,

పోయినసారి సిరా పెడితే పిల్లలు వేలు నాకి చెరిపేసుకుని మళ్ళీ వచ్చారు. ముప్పై ఒక్కమందికి యాభై నాలుగు ఓట్లు పడ్డాయి. ఈసారి కుడి చూపుడువేలికి మీ నీలం పెట్టాం, లెక్క సరిపోయింది. మీ అమ్మాయే లీడరు. మిగిలిన రంగుతో ఇంట్లో కూడా ఓటింగు పెట్టి చూడమన్నాను.

నాలుగో తరగతి మాస్టారు

తా.క. చిన్న విషయం చాలు. ఏం కూర వండాలి, అలాంటిది.

*

మాస్టారూ,

కూర మీద కాదండీ, మా అమ్మ మీద పెట్టింది! అన్నయ్య అమ్మని కొన్నాళ్ళు తన ఊరికి పంపమంటున్నాడు. పంపితే తల్లిని గెంటేశాననరూ? నేను ఒప్పుకోలేదు. "ఓటేద్దాం నాన్నా, ఓడినవాళ్ళు నోరెత్తకూడదు" అంది పిల్ల. గెలుస్తాననుకుని సరేనన్నాను. ఇంట్లో ఉన్నది నలుగురం. డబ్బాలో చీటీలు ఐదు! "వెళ్ళాలి" మూడు, "ఉండాలి" రెండు. ఇదేం లెక్కండీ?

అద్దకం పనివాడు

తా.క. ఒక్కటే వేశానని నా భార్య ఒట్టేసింది. ఏమని వేసిందో మాత్రం చెప్పదు.

*

అయ్యా,

నాకూ అంతుపట్టడం లేదు. కుడివేలు నీలమయ్యాక రెండో చీటీ ఎలా పడుతుంది? మళ్ళీ పెట్టండి.

మాస్టారు

తా.క. పాత చీటీ ఏదైనా డబ్బాలో ఉండిపోయిందేమో.

*

మాస్టారూ,

మళ్ళీ పెట్టదట. "ఓడినవాళ్ళు అలాగే అంటారు" అంటోంది. ఆదివారం అసలు ఎన్నికకి బడిలో డ్యూటీ మీదేనటగా. అమ్మ ఇంతవరకు ఒక్క ఓటూ వదల్లేదు. వేలి నీలం చూసి తిప్పి పంపకండి.

అద్దకం పనివాడు

తా.క. అది పంచదార డబ్బా. పాతవి చీమలే.

*

అద్దకం ఆయనకి,

మీ అమ్మగారు వానలోనే వచ్చారు. కుడివేలు నీలమైతేనేం, అసలు ఎన్నికలో గుర్తు ఎడమ వేలికే కదా అని ఎడమ చెయ్యి అడిగాను. చాలాసేపు కొంగులోంచి తియ్యలేదు. తీస్తే అదీ నీలమే!

"దుప్పట్ల చాటునుంచి ఆ పక్కన కుడి చెయ్యి, ఈ పక్కన ఎడమ చెయ్యి చాచి రెండు చీటీలు వేశాను నాయనా. పిల్లకి వేలే కనబడింది" అన్నారు. "అడిగితే వాడు పంపడు. ఆ తడి గుడ్డల కింద ఎన్నాళ్ళు పడుకోను? ఎండ కాశాక వస్తానని చెప్పు."

పక్కవేలికి గుర్తు పెట్టి ఓటు వేయించాను.

మాస్టారు

తా.క. మూడో "వెళ్ళాలి" తనది కాదన్నారు. మీ అన్నగారు గొడుగుతో బడి గుమ్మంలోనే ఉన్నారు. ఇద్దరూ పదిన్నర బస్సుకి వెళ్ళారు.