ఇత్తడి రింగు

శ్రీనూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మధ్యయుగపు సైనికుల వేషాలు వేసే చాండ్లర్ ఊళ్లోని మీ క్లబ్‌కి వెళ్లాను. నువ్వు సగంలో వదిలేసిన ఇనుప రింగుల చొక్కాని ఈ ఏడాదిలో నేనే అల్లి పూర్తిచేశాను.

ఒకప్పుడు దాన్ని చూసి నవ్వినదాన్నే. ఇప్పుడన్నీ సందేహాలే. తుప్పు పడితే ఆ రోజుల్లో ఏం చేసేవారు? ఇసుక పీపాలో వేసి దొర్లించేవారట! నీ టూల్‌బాక్స్‌లో నీ పేరు చెక్కిన ఇత్తడి రింగు ఎందుకుందో మాత్రం ఎంత వెతికినా తెలియలేదు. ఇవాళ క్లబ్‌లో నీ ఫ్రెండ్ వేణు అన్నయ్యని అడిగాను.

"చేసినవాడి గుర్తమ్మా అది. చొక్కా మొత్తం ఫినిష్ అయ్యాక, లాస్ట్‌లో వేస్తాం. అయిపోయిందిగా, వేసెయ్," అన్నాడు.

సరేనన్నాను. ఇంటికి రాగానే రింగుని మళ్లీ నీ టూల్‌బాక్స్‌లోనే పెట్టి, చొక్కా కుడిచేతి చివరి రెండు వరుసలు విప్పేశాను.

సుజాత