రెండు వేళ్ళు తక్కువ

ఒరే చిత్రికా,

నీ కార్డు అందింది. తింటున్నావా, నిద్ర పడుతోందా, ఏడ్చావా లేదా అని మూడు ప్రశ్నలు వేశావు. తింటున్నాను. పడుతోంది. ఏడవలేదు. వడ్రంగివి, కర్రల సంగతి చూసుకో, నా కన్నీళ్ళు నీకెందుకు. మీ అక్కని సాగనంపి నాలుగు నెలలైంది. పక్కింటి ముసలాడు పొయ్యి మీద పాలను చూసినట్టు రోజూ నా మొహంలోకి చూస్తాడు, ఎప్పుడు పొంగుతానా అని. పొంగను. చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడు, నాకు మనిషి మొత్తం అలా ఉంది. అంతకన్నా చెప్పడానికేం లేదు.

పని మాత్రం మానలేదు. పొద్దున్నే యూనివర్సిటీ హాలు తాళం తీస్తాను, నేల తుడుస్తాను, స్తంభాలు నిలబెట్టి వాలీబాల్ నెట్టు బిగిస్తాను. నువ్వు చేసిచ్చిన కొలకర్ర టక్కున నేలకి ఆనించి, నెట్టు పై అంచు గాటు దగ్గరికి వచ్చిందా లేదా చూస్తాను. కింది గాటు ఆడపిల్లలది, పై గాటు మగపిల్లలది. ముప్పై ఏళ్ళుగా ఇదే. ఆటకి ముందు రిఫరీలు కూడా నా కర్రే అడిగి తీసుకుంటారు. పెద్దాయన కర్ర ఉండగా ఇంకో కొలతెందుకు అంటారు. నీ పనితనం గొప్ప కాదులే, నా చేతి గొప్ప.

ఈ ఏడాది ఆడపిల్లల జట్టు మన హాల్లో ఆడిన నాలుగు ఆటలూ గెలిచింది. బయటికి వెళ్ళి ఆడిన మూడూ ఓడింది. ఇంట్లో పులి వీధిలో పిల్లి అంటే మీరేనర్రా అని కోచ్ మేడమ్ తిట్టింది. ఆమె వచ్చి రెండేళ్ళే అయింది. గట్టిది, నాకు నచ్చింది. జట్టులో ఒక పొట్టిపిల్ల ఉంది, అందరూ పిట్ట అంటారు. నిరుడంతా బల్ల మీద కూర్చుని నీళ్ళ సీసాలు అందించింది. ఈసారి మన హాల్లో బంతి కొడితే అవతలివాళ్ళు చేతులు ఎత్తేలోపే నేలకి తగులుతోంది. రాష్ట్ర జట్టుకి ఎంచేవాళ్ళు వచ్చే ఆట చూడ్డానికి వస్తున్నారట. తాతా, నేను ఎదిగానా ఏంటి, అని నన్నడిగింది. తలూపాను.

రాయడానికి రెండు పూటలు పట్టింది. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

ఇట్లు,
నీ బావ

*

ఒరే చిత్రికా,

ఇది చదివాక నామీద కోపం తెచ్చుకుంటావు. తెచ్చుకో.

మొన్నటి ఆటకి కొత్త రిఫరీ వచ్చాడు. నా కర్ర ఇస్తే తీసుకోలేదు. సంచిలోంచి ఇనప కొలత తీశాడు. నెట్టు నడిమధ్య ఆనించి చూశాడు, ఈ చివరా ఆ చివరా చూశాడు, మళ్ళీ మధ్యకొచ్చాడు. రెండు వేళ్ళు తక్కువ అన్నాడు. హాలంతా విన్నది. అవతలి జట్టు కోచ్ లేచి, అదీ సంగతి, మీ పిట్టలు ఎగరడానికి ఆకాశాన్నే కిందికి దించుకున్నారన్నమాట అన్నాడు. నెట్టు సరిచేసి ఆట ఆడించారు. పిట్ట పదిసార్లు కొట్టింది, ఎనిమిదిసార్లు బంతి నెట్టుకే తగిలింది. ఎంచడానికి వచ్చినవాళ్ళు మధ్యలోనే లేచి వెళ్ళారు.

ఇప్పుడు విచారణ అంటున్నారు. పొట్టిపిల్లల కోసం కోచ్ మేడమే నెట్టు దింపించిందని ఫిర్యాదు. తేలేదాకా హాల్లో అడుగు పెట్టొద్దని ఆమెకి కాగితం ఇచ్చారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నెట్టు మీరే బిగించారు కదా పెద్దాయనా, మీకేమైనా తెలుసా, అని అడిగింది. తప్పంతా కర్రది అన్నాను. మా బావమరిది పచ్చికర్రతో చేశాడు, ఎండి కుంచించుకుపోయింది అన్నాను. క్రీడల ఆఫీసరుకీ అదే చెప్పాను. చేసినవాడి చేత రాయించి తెమ్మన్నాడు.

కాబట్టి ఒక్క కాగితం రాసి పంపు. పచ్చికర్ర వాడాను, తప్పు నాది, అని. నువ్వు ఇక్కడ ఉండేవాడివి కాదు, ఎవరూ నిన్ను వేలెత్తి చూపరు. ఆ కోచ్ పిల్ల ఉద్యోగం నిలబడుతుంది. నా ముప్పై ఏళ్ళ పేరూ నిలబడుతుంది. నీకు పోయేదేముంది.

ఆలస్యం చెయ్యకు.

ఇట్లు,
నీ బావ

*

నాయనా చిత్రికా,

నువ్వు పంపిన కాగితం దీంతోనే వెనక్కి పంపుతున్నాను. చింపెయ్యి.

దాంతోపాటు నాకు విడిగా రాసిన మాటలు పదిసార్లు చదివాను. కర్ర ఎండితే లావు తగ్గుతుంది గానీ పొడవు తగ్గదు బావా, వడ్రంగం నేర్చుకునే మొదటి రోజే చెబుతారు ఈ మాట, అయినా అక్క మొగుడివి, అడిగావు కాబట్టి రాసి సంతకం పెట్టాను, అన్నావు. నలభై ఏళ్ళ పనివాడివి, నీ చేత్తో నువ్వు నీ పని చెడ్డదని రాసుకున్నావు. నన్ను తిట్టి ఉంటే ఆ కాగితం ఆఫీసరుకి ఇచ్చేసేవాణ్ణి. నువ్వు తిట్టలేదు.

ఎవరికీ చెప్పని సంగతి నీకు చెబుతున్నాను. మీ అక్క నాకు అక్షరాలు నేర్పింది, కానీ కొలిచే టేపు మీద గీతలు నాకు ఎన్నడూ పట్టుబడలేదు. ఒక అంచున ఒక లెక్క, రెండో అంచున ఇంకో లెక్క, మధ్యలో చీమకాళ్ళలాంటి గీతలు. నేలకి కొట్టీ కొట్టీ కర్ర అడుగు చీలుతుంది. సీజను మొదట్లో చీలిన ముక్క రంపంతో కోసేస్తాను. కోశాక పాత గాట్లు ఆ ముక్కంత కిందికి దిగిపోతాయి, పనికిరావు. ఇంట్లో నేల మీద కర్ర పడుకోబెట్టి మీ అక్క టేపు పరిచేది, ఇక్కడ అని వేలు పెట్టేది, నేను కత్తితో కొత్త గాటు పెట్టేవాణ్ణి. ఏటా అంతే. హాల్లో అందరూ పెద్దాయన లెక్కంటే లెక్కే అనేవాళ్ళు. ఆ లెక్క మీ అక్కది.

ఈ ఏడూ కోశాను. రెండు వేళ్ళ ముక్క. టేపు తీసి పరిచాను. చాలాసేపు దాని పక్కన కూర్చున్నాను. వీధిలోకి వెళ్ళి ఎవర్ని పిలిచినా చదివేవాళ్ళు, హాల్లో ఏ పిల్లనడిగినా చదివేది. అడిగితే ముప్పై ఏళ్ళ గుట్టు బయటపడుతుంది. నేను అడగలేదు. మరిచిపోయాను అనుకుంటావేమో, అలా అనుకోకు. తెలిసే పాత గాటుకే నెట్టు కట్టాను. రెండు వేళ్ళతో కొంపలేం మునుగుతాయి అనుకున్నాను. నిజం చెప్పాలంటే మునిగినా నాకేం అనిపించేది కాదు ఆ రోజుల్లో.

విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు, ఒక పక్క కోచ్ మేడమ్. నీ కాగితం నా చొక్కా జేబులో ఉంది. తెచ్చావా అన్నాడు ఆఫీసరు. తీయలేదు. కర్ర కోసింది నేను, కొలవనిదీ నేను, ఆమెకేం తెలియదు అన్నాను.

"ముప్పై ఏళ్ళు కొలిచినవాడివి, ఈసారి ఎందుకు కొలవలేదయ్యా?" అన్నాడు.

"చదివే మనిషి చచ్చిపోయిందండీ" అన్నాను.

ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. నీకు రాసినప్పుడు కూడా సాగనంపాను అని రాశాను చూడు. అన్నాక ఏడుపొచ్చిందా అని అడుగుతావు. రాలేదు. కోచ్ మేడమ్ తన కుర్చీ జరిపింది, కూర్చున్నాను. ఆ గదిలో తర్వాత ఏం మాట్లాడుకున్నారో నాకు సరిగా గుర్తులేదు.

ఆమెని మళ్ళీ పనిలోకి రమ్మన్నారు. మన హాల్లో గెలిచిన నాలుగు ఆటలూ కొట్టేశారు. జట్టు ఈ ఏటి పోటీల్లోంచి బయటికి వచ్చేసింది. నన్ను తీసెయ్యలేదు, ఒక ఇనప కొలత ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. తీసేస్తే బాగుండునని ఒక పూట అనిపించింది. పిల్లలు హాల్లోకి వస్తున్నారు, పోతున్నారు, నాతో మాట్లాడటం లేదు. వాళ్ళని అనడానికి నాకేం నోరుంది.

నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక పిట్ట ఒక్కతే ఆగింది. నెట్టు సరైన ఎత్తులో ఉంది. ఒక్కతే బంతి ఎగరేసుకుని కొట్టింది, నెట్టుకి తగిలింది. మళ్ళీ కొట్టింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు. చెమట తుడుచుకుని నా దగ్గరికొచ్చింది. నన్ను వెనక వరసలోకి మార్చారు, బంతి ఎత్తి ఇవ్వడమే ఇక నా పని, కొట్టడం లేదు, అంది. నేను బంతి తీసి సంచిలో వేశాను.

"మీరు చెప్పకపోయినా బాగుండేది తాతా" అంది.

"నాకూ బాగుండేదే" అన్నాను.

తర్వాత అవతలి స్తంభం దగ్గరికి వెళ్ళి తాడు విప్పింది. ఇవతలిది నేను విప్పాను. చెరో కొస పట్టుకుని నెట్టు చుట్టాం.

ఇట్లు,
నీ పనికి మచ్చ తెచ్చిన బావ