ఆరు స్తంభాలు

మే 3

నాన్నకి,

ముందు ఎల్లారావు మామకో మాట. మామా, ఇది బోటులో అందరి ముందూ చదవకు. నాన్నని వెనక్కి తీసుకెళ్ళి మెల్లగా చదివి వినిపించు. నవ్వకు.

నాన్నా, మీరు వేటకెళ్ళి పదకొండు రోజులయింది. మెసేజ్ పెడితే ఒక టిక్కే పడతంది. గుజరాత్‌లో వేరావల్ రేవుకి తిరిగొచ్చాకే రెండోది పడతాదని తెలుసు. అయినా ఇప్పుడే రాసేస్తన్నాను, మళ్ళీ ధైర్యం ఉండదు. ఫోన్లో నాకు మాట రాదు కదా.

ఈసారి ఒడ్డు దిగగానే సేటుకి చెప్పేస్తానన్నావు, మా పేటలో జెట్టీ అయిపోతంది, ఆగస్టు నుంచి ఇంక నీ బోటుకి రాను అని. చెప్పకు నాన్నా. జెట్టీ అవ్వట్లేదు. జనవరిలోనే పని ఆగిపోయింది. నాను నీకు అబద్ధం చెప్పాను.

మొదట చెప్పినవన్నీ నిజమే. పోయిన ఆగస్టులో నువ్వు వెళ్ళిన వారానికే గవర్నమెంట్ పని మొదలయింది. ముప్పై మంది కూలీలు దిగారు. అమ్మ చేపల గంప దించేసి వాళ్ళకి అన్నం వండింది. నన్ను స్తంభాలకి నీళ్ళు కొట్టే పనిలో పెట్టుకున్నారు. చలమయ్య టీ కొట్లో రెండో బల్ల వేశాడు. ఐసు ఫ్యాక్టరీ పెడతామని ఎవరో కారులో ఒచ్చి స్థలం కూడా చూసుకెళ్ళారు. అప్పుడు పేటలో మగోళ్ళు ఒకరితో ఒకరు, జెట్టీ అయితే పెద్ద బోట్లు ఇక్కడే ఆగుతాయి, వచ్చే ఏడు ఎవరమూ గుజరాత్ వెళ్ళక్కర్లేదు అనుకునేవాళ్ళు.

ఆరు స్తంభాలు లేచాక ఒక రోజు క్రేను లారీ ఎక్కి వెళ్ళిపోయింది. తర్వాత కూలీలు వెళ్ళిపోయారు. ఇంజినీరు గుణశేఖర్ గారిని నాయనమ్మే అడిగింది. ఆయన "బడ్జెట్లో ఉందమ్మా, బిల్లే రాలేదు" అన్నాడు. నాయనమ్మ ఊరుకుంటాదా. "కాయితం మీద సేప బొమ్మేసి ఇత్తే కూరొండుకోమంతారేటి బాబూ?" అంది. ఆయన తల దించుకుని బండెక్కేశాడు. చలమయ్య రెండో బల్ల లోపల పెట్టేశాడు. ఐసు ఫ్యాక్టరీ ఆయన మళ్ళీ రాలేదు. అమ్మ మళ్ళీ ఎండు చేపల గంపతో మొదటి ఆటోకే పూర్ణా మార్కెట్ వెళ్తంది. పగలంతా ఇంట్లో నాను, నిద్రపోయే నాయనమ్మ.

పని ఆగిన మూడో రోజు నువ్వు ఫోన్ చేసి, "జెట్టీ ఎందాకా ఒచ్చిందిరా?" అన్నావు. ఒస్తంది నాన్నా అన్నాను. నువ్వు నవ్వావు. నువ్వు ఫోన్లో నవ్వగా నానెప్పుడూ వినలేదు. ఇంక నిజం చెప్పలేకపోయాను. నువ్వు ఫోటో అడిగినప్పుడల్లా ఆదివారం సాయంత్రం ఆ ఆరింటినే ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి, ఒకసారి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తీసి పంపాను, కొత్తవి లేస్తన్నట్టు కనపడాలని. బిల్లు ఎలాగూ ఒస్తాది, అప్పుడు అబద్ధం నిజమైపోతాది అనుకున్నాను.

ఆగస్టులో నువ్వు మళ్ళీ వెళ్ళిపోవాలని నానే రాస్తన్నాను, చూడు.

నీ కొడుకు
బాబీ

మే 7

నాన్నా,

పొద్దున రెండు టిక్కులు పడ్డాయి. మధ్యాహ్నానికి నీలం అయ్యాయి. ఇప్పుడు సాయంత్రం. తిట్టినా పర్లేదు. ఏదో ఒకటి పంపు.

బాబీ

మే 7

ఒరే బాబూ,

నాను ఎల్లారావు మామని. మీ నాన్న సెప్తన్నాడు, నాను ఫోన్లో కొడతన్నాను. నవ్వలేదు. ఇంక మీ నాన్న మాటలు.

నాకు ఫిబ్రవరిలోనే తెలుసురా. ఆ స్తంభాలకి కింద, నీల్లు తగిలే కాడ తెల్ల గుల్ల పట్టింది సూసినావా? ఆరింటికీ ఒక్క సైజే. కొత్తది లేత్తే దానికి లేత గుల్ల ఉండాల. పైన ఇనప ఊసలు తుప్పెక్కీసినాయి. సముద్రం మీద బతికినోడికి గుల్ల సూత్తే ఎన్నాల్లయిందో తెలీదేటి?

నువ్వు సంబరపడతన్నావని సేటుకి సెప్పేత్తానన్నాను. సెప్పలేదు. సెప్పాలనీ అనుకోలేదు. నానూ అబద్దమే ఆడినాను. సెల్లుకి సెల్లు.

మరి తెలిసీ ఫోటోలు ఎందుకు అడిగినానంతావా? నీకు ఫోటో అంటే సిగ్గు. ఎన్నిసార్లు అడిగినా నీది పంపవు. జెట్టీ ఫోటో తీత్తే ఎండ నీ ఎనక నుంచి పడి, ఇసక మీద నీ నీడ వత్తాది. దాన్ని సూసేవోన్ని. పొడుగయినావు.

జూన్‌లో ఏట ఆపీగానే వత్తాను. రెండు నెల్లుంతాను. ఆగస్టుకి ఎల్లిపోతాను, అది మారదు. బిల్లొచ్చిన నాడు సూద్దారి. ఈ లోపల ఇంకో ఫోటో తియ్యి. ఈపాలి ఎండకి ఎదురుగా నిలబడు. జెట్టీ అక్కర్నేదు.

మీ నాన్న
వీరన్న

(బాబీ, మామని. మీ నాన్న మొకం కడుక్కుంతానని లేసెల్లిపోయినాడు. నువ్వు ఫోటో పెట్టీ, ఒచ్చీసరికి సూపిత్తాను.)