చుక్క పెట్టిన విన్నపం

ఫిబ్రవరి 4, 2025, మంగళవారం

ఈరోజు మొదటి ఆశ్చర్యం: సిగ్గు కూడా ఒక సబ్జెక్టే. ఫిలాసఫీ మేడం బోర్డు మీద ఒక పక్క గ్రీస్, ఒక పక్క చైనా, మధ్యలో షేమ్ అని రాసింది. క్లాసంతా నవ్వింది.

పాత గ్రీకుల్లో ఒక ఆలోచన ప్రకారం సిగ్గు సుగుణం కాదట. కుర్రవయసులో తప్పులు చేస్తాం కనుక అప్పుడు ఉంటే మంచిదట. పెద్దయ్యాక మంచివాడు సిగ్గుపడే పనే చేయడు, ఇక దాంతో పనేముంది అంటారు. చైనా వాళ్ళ మాట వేరు. సిగ్గు ఒక మొలక. బతికినంతకాలం నీళ్ళు పోయాలి.

నాకు పందొమ్మిది. గ్రీకుల లెక్కన ఇంకా పర్మిషన్ ఉంది.

సిగ్గు, బిడియం, లజ్జ, నామోషీ, తలవంపులు. ఒక్కోదానికి ఒక్కో బరువు. బస్సులో నామోషీ అని రెండుసార్లు పైకే అన్నాను. పక్కావిడ జరిగి కూర్చుంది.

వచ్చే మంగళవారం నా ప్రెజెంటేషన్. ఉదాహరణ జీవితంలోంచి తీసుకోవాలట.

ఫిబ్రవరి 6, గురువారం

గల్ఫ్‌లో మేముండే ముసఫ్ఫాలో, మా ఫ్లాట్‌లోనే ప్రార్థన. దస్తూరీ బాగుంటుందని విన్నపాల పుస్తకం నాకిచ్చారు. వీసా, లైసెన్స్ పరీక్ష, మోకాళ్ళు. పైకి చదవకూడని విన్నపం పక్కన చుక్క పెడతాను. అది దేవుడికీ పుస్తకానికీ మాత్రమే.

అందరూ చెప్పులేసుకుంటుంటే దయారాణి ఆంటీ వెనక్కొచ్చింది. అమ్మతో పనిచేసే నర్సు. చుక్క పెట్టి రాయమ్మా స్వీటీ అంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వార్డు డ్యూటీ పడిన రోజు జ్వరమని చెప్పి ఆగిపోయిందట. జ్వరం లేదట. బదులుగా ఇంకొకావిడ, కూతురి పుట్టినరోజు కేకు కొయ్యకుండానే వెళ్ళిందట. ఆవిడకి కోవిడ్ అంటి నలభై రోజులు మంచం మీదే ఉందట. పేర్లొద్దులే, ఆయనకు తెలుసు అంది.

చుక్క పెట్టాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఏ మైనస్! క్లాసు ఊపిరి బిగబట్టింది.

ప్రెజెంటేషన్‌లో ఆంటీని కేరళ నర్సును చేశాను. ఊరు షార్జా, నెల మే. టీలో ముంచిన థర్మామీటర్ నేనే కలిపాను. కేకు మాత్రం మార్చలేదు. అంతకంటే మంచిది దొరకలేదు. చివరి స్లైడు: యాభై ఏళ్ళొచ్చినా సిగ్గుపడుతోంది కనుక గ్రీకు లెక్కన ఈవిడ ఇంకా ఎదగలేదు.

బయట సోనీ పట్టుకుంది. నా క్లాసే, వాళ్ళమ్మ మా ప్రార్థనకొస్తుంది. ఆ కేకు నాది, పద్నాలుగో పుట్టినరోజుది, ఫ్రిజ్‌లోనే పులిసిపోయింది, ఎవరే ఆ నర్సు అంది. అంతా కల్పించానన్నాను. నాటకాలాడకు అంది. నీ మీదొట్టు అన్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

అనవసరంగా అనుమానించానని సోనీ సారీ మెసేజ్ పెట్టింది, కింద కేకు ఎమోజీతో.

ఫిబ్రవరి 13, గురువారం

లిఫ్ట్ పాడైంది. సోనీ వాళ్ళమ్మ రెండంతస్తులకు మూడుసార్లు ఆగింది. ఆ జబ్బు తర్వాత ఊపిరి అందదు. దయారాణి ఆంటీ ఒక చేత్తో ఆవిడ సంచి, ఇంకో చేత్తో వీపు పట్టుకుని వచ్చింది. ప్రతి గురువారం అంతే. జీతం లేని కూలీ దొరికింది నాకు, వదలను అని సోనీ వాళ్ళమ్మ ఎప్పటిలా నవ్వించింది. అందరూ నవ్వారు. ఆంటీ కూడా.

నేను పెన్ను మూత తీయలేదు. ఏమ్మా, ఇంకు అయిపోయిందా అని దయారాణి ఆంటీయే అడిగింది.

ఫిబ్రవరి 15, శనివారం

అమ్మతో చెప్పేశాను. యూనిఫాం ఇస్త్రీ చేస్తోంది. మార్కులెన్ని అంది ముందు. చెప్పాను. ఐదేళ్ళు మోసింది దయారాణి, నువ్వు ఐదు రోజులు మోయలేకపోయావా అంది. తిట్టి ఉంటే బాగుండేది.

సోనీకి ఆ నర్సు పేరు చెప్పేస్తానన్నాను. అది నీది కాదు, చెబితే దయారాణే చెప్పుకోవాలి, నీ తప్పు నువ్వు పోయి దయారాణికి చెప్పు అంది. కాలర్ మీద ఇస్త్రీ ఆపలేదు.

మంగళవారం నాకు కలిగింది సిగ్గు కాదు. దొరికిపోతానన్న భయం. ఎదగలేదని స్లైడు పెట్టాల్సింది నా మీద. ఆంటీ అందరి ముందూ ఇక నీకేమీ చెప్పనంటే? పుస్తకం లాక్కుంటే? సోనీ వాళ్ళమ్మ ఇక ఆంటీకి ఆ సంచి ఇవ్వకపోతే? ఆ మూడోది తలచుకుంటే ఒళ్ళంతా మండింది. మొదటి రెండూ నా గురించి.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఆంటీకి నైట్ డ్యూటీ. ఆవిడ తిరిగొచ్చే బస్సు రేపు ఉదయం ఏడు నలభైకి స్టాపులో ఆగుతుంది. ఏడున్నరకే వెళ్ళి నిలబడతాను. ఆవిడ నన్ను చూసి నవ్వకముందే మొదలుపెట్టాలి.