మార్చుకున్న మొగుళ్ళు

చిట్టి చెల్లీ,

నవ్వకు. నేను మొగుణ్ణి మార్చుకున్నాను.

ప్రభుత్వం ఇచ్చే తిండి సరుకులకి కొత్త నియమం వచ్చింది. అరవై ఏళ్ళ లోపు వాళ్ళు వారానికి ఇరవై గంటలు పనిచేసినట్టు చూపించాలట. మాట కూడా పడిపోయి మంచం పట్టిన మీ బావకి తినిపించి, ఒళ్ళు తుడిచి, నా నడుం విరుగుతుంటే, "సొంత మొగుడికి చేస్తే అది పనెలా అవుతుందమ్మా?" అన్నాడు కౌంటర్లో గుమాస్తా.

"పక్కింటాయనకి చేస్తే?" అన్నాను ఒళ్ళు మండి.

పుస్తకం తిరగేశాడు. "అది పనే."

ఛీ! ఈ రాతలు రాసిన పెద్దమనుషులు ఏనాడైనా ఒకరి పక్కగుడ్డ ఉతికారా?

పక్కింటి దర్జీ కూడా మంచంలోనే ఉన్నాడు. అందుకే పొద్దున్నే దర్జీ భార్య మా ఇంటికి, నేను వాళ్ళింటికి. "మా ఆయన జాగ్రత్త, వదినా" అంటుంది. "మా ఆయన కొరుకుతాడు, నువ్వే జాగ్రత్త" అంటాను.

నవ్వు అక్కడితో సరి. ఆవిడ ఒళ్ళు తుడుస్తుంటే మీ బావ కళ్ళు మూసుకుని ఏడుస్తున్నాడట. ఆవిడ చేతి ముద్దకి నోరు తెరవడు. చిక్కి సగమయ్యాడు. ఆయన తిండి నిలబెట్టడానికే ఆయన్ని పస్తు పెడుతున్నాను. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నీ మొండి అక్క

చెల్లీ,

నిన్న తనిఖీకి ఒకాయన వచ్చాడు. నేను దర్జీకి జావ తాగిస్తుంటే గోడ అవతల దర్జీ భార్య బతిమాలి పోసిన గుక్కకి మీ బావకి పొలమారింది. ఆ దగ్గు నాకు తెలుసు, ఊపిరాడని దగ్గు. గిన్నె పడేసి పరిగెత్తాను. ఆయన్ని లేపి వీపు చరుస్తుంటే తనిఖీ ఆయన గుమ్మంలో నిలబడి, "పని మధ్యలో వదిలేశారు. ఈ గంటలు చెల్లవు" అన్నాడు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

"నీకీయన మొగుడు కాదుగా? రా, పట్టుకో. నీకు పనవుతుంది" అన్నాను.

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సాయంత్రానికల్లా, ఇది దొంగ మార్పిడి అని నావీ, దర్జీ భార్యవీ సరుకులు ఆపేశారు.

ఎవరి మొగుడి దగ్గరికి వాళ్ళం వచ్చేశాం. మీ బావ నా చేత్తో గిన్నెడు జావ తాగి, ఇంకా కావాలన్నట్టు చూశాడు. డబ్బా అడుగు ఊడ్చి కాచిన జావ అది. ఇంక లేదు.

సోమవారం మధ్యాహ్నం, ఆఫీసు వాళ్ళ భోజనాల వేళకి, ఇద్దర్నీ చక్రాల కుర్చీల్లో ఆ కౌంటరుకే తీసుకెళ్తున్నాం. సరుకులు ఇచ్చేదాకా అక్కడే ఉంటారు. అన్నం ఆ ఆఫీసు వాళ్ళ క్యారేజీల్లోదే. నువ్వు రెండు చెంచాలు పట్టుకురా: ఒకటి గుమాస్తాకి, ఒకటి తనిఖీ ఆయనకి.

నీ అక్క